నీ చాదస్తం గానీ...

మా తాతయ్య రాత్రి పడుకునే ముందు ఇల్లంతా ఒక చుట్టు తిరుగుతారు. గ్యాస్ సిలిండర్ దగ్గర వంగి రెగ్యులేటర్ కట్టేసి ఉందో లేదో చూస్తారు. పెరటి తలుపు గడియ ఒకసారి లాగి చూస్తారు. కట్టేసి ఉన్న కుళాయిని ఇంకాస్త బిగిస్తారు. చివరికి వీధి తలుపు. అప్పటికి మేమంతా మంచాలెక్కి ఫోన్లు చూసుకుంటూ ఉంటాం. "గడియ నేనే వేశాను తాతయ్యా" అంటే "వేశావులే" అంటూనే వెళ్ళి చూస్తారు. "నీ చాదస్తం గానీ, వచ్చి పడుకో" అంటాను నేను. చిన్నప్పటినుంచీ ఈ మాట ఎన్ని వందలసార్లు అని ఉంటానో లెక్క లేదు.

పోయిన సెమిస్టర్లో ఇదే మాట ఇంకో ఇద్దరి మీద వాడాను. ఒకరు మా ల్యాబ్ సార్. ఇంకొకడు మా రూమ్మేట్. మొదటిది నవ్వుతో పోయింది. రెండోది అంత తేలిగ్గా పోలేదు. అందుకే ఈ సంచికకి ఏదైనా ఒక తెలుగు మాట గురించి రాయమని క్లబ్బులో అడిగినప్పుడు ఇంకో ఆలోచన లేకుండా 'చాదస్తం' అని చెప్పేశాను. ఇంత తేలిగ్గా వాడేసే మాట అసలు ఎక్కడిది, ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అనేదే ఈ వ్యాసం.

అసలు చాదస్తం అంటే?

ఒక్క ముక్కలో చెప్పమంటే, అవసరానికి మించిన పట్టింపు. కానీ అంతటితో సరిపోదు. ఈ ఉదాహరణలు చూడండి.

తాళం వేసి ఒకసారి లాగి చూస్తే జాగ్రత్త. బస్టాపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూస్తే చాదస్తం.

ఏడింటి రైలుకి ఆరున్నరకి స్టేషన్లో ఉంటే ముందుచూపు. నాలుగున్నరకే సామాన్లన్నీ ప్లాట్‌ఫారం మీద పెట్టి, వాటి మీద కూర్చుని, పిల్లల్ని మంచినీళ్ళకి కూడా కదలనివ్వకపోతే చాదస్తం.

పెళ్ళికి పిలవడానికి వెళ్ళి శుభలేఖ ఇచ్చి రావడం మర్యాద. ఇచ్చాక ముహూర్తం, కల్యాణ మండపం, అక్కడికి వెళ్ళే దారి, ఆ దారిలో వచ్చే పెట్రోలు బంకు, ఇవన్నీ శుభలేఖలో ఉన్నా మళ్ళీ నోటితో రెండుసార్లు చెప్పడం చాదస్తం.

ఈ మూడింట్లో ఒక సంగతి గమనించారా? చాదస్తం ఎప్పుడూ మంచి పనికే పడుతుంది. తాళం చూసుకోవడం మంచిదే, రైలుకి ముందు వెళ్ళడం మంచిదే, దారి చెప్పడం మంచిదే. మోతాదు మించడమే తప్పు. రోజూ అబద్ధాలాడేవాడిని పట్టుకుని "వాడికి అబద్ధాల చాదస్తం" అని ఎవరూ అనరు. రోజూ క్లాసు ఎగ్గొట్టేవాడికి చాదస్తం అంటగట్టరు. కాబట్టి చాదస్తం ఉండాలంటే మూడు కావాలి. ఒకటి, పని దానికదిగా సబబైనది కావాలి. రెండు, అది కొలత దాటాలి. మూడు, దాటిందని ఆ మనిషికి అనిపించకూడదు. తెలిసి చేస్తే దాని పేరు వేరే, అది ముందు ముందు చెబుతాను.

దీనికి ఇంకో అర్థం కూడా వాడుకలో ఉంది. పాత నమ్మకాలని వదలకుండా పట్టుకోవడం. బయటికి వెళ్ళేటప్పుడు తుమ్మితే ఆగి కూర్చోవడం, పిల్లి ఎదురొస్తే వెనక్కి రావడం, ఇలాంటివాటినీ చాదస్తమే అంటాం. పైకి ఈ రెండూ వేరుగా కనిపిస్తాయి గానీ, మాట పుట్టిన చోటికి వెళితే రెండూ ఒక్క ఇంటి పిల్లలే.

వేదం దగ్గర మొదలై...

మన తెలుగు క్లబ్బులో ప్రూఫులు చూసే పని నాది. ఈ వ్యాసం అనుకున్న రోజే మా మధ్య పేచీ వచ్చింది. చాదస్తమా, ఛాదస్తమా? మొదటి అక్షరానికి ఒత్తు ఉండాలని ఒకరు, అక్కర్లేదని ఇంకొకరు. ఒక్క ఒత్తు గురించి గంటసేపు వాదించుకున్నాక తెలిసింది, మేం చేస్తున్న పనికి కూడా ఆ మాటే పేరని.

ఇద్దరిలోనూ కొంత నిజం ఉంది. మాట మూలం సంస్కృతంలో 'ఛాందస'. అక్కడ ఒత్తు ఉంది. 'ఛందస్సు' అంటే మనకి గుర్తొచ్చేది పద్యాల లెక్క, గురువులూ లఘువులూ, ఇంటర్లో బట్టీ పట్టిన యమాతారాజభానస. కానీ ఛందస్సు అంటే వేదం అని కూడా అర్థం. పాణిని వ్యాకరణంలో 'ఛందసి' అని వస్తే 'వేద భాషలో అయితే ఇలా' అని అర్థం. ఆ ఛందస్సుకి సంబంధించినది ఛాందసం. ఆ ఛందస్సు చదువుకున్నవాడు ఛాందసుడు. అంటే మొదట్లో ఇది తిట్టు కాదు. ఒక చదువు పేరు.

వ్యాఖ్యానాలు రాసిన పండితులు దీన్ని ఇంకో రకంగా కూడా వాడారు. మామూలు వ్యాకరణానికి లొంగని రూపం ఏదైనా కనిపిస్తే 'ఇది ఛాందసం' అని రాసి ముందుకి వెళ్ళేవారు. అంటే ఇది వేదకాలపు వాడుక, ఇప్పటి లోకంలో ఇలా అనరు అని. ఇక్కడినుంచి అర్థం ఎలా జారి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇప్పటి లోకంలో లేని మాట ఛాందసమైతే, ఇప్పటి లోకంలో లేని పద్ధతి కూడా ఛాందసమే. ఆ పద్ధతిని పట్టుకుని వేళ్ళాడే మనిషి ఛాందసుడు. పాత నమ్మకాల అర్థం, అతి పట్టింపు అర్థం రెండూ ఈ కొమ్మకే కాశాయి.

ఆ తర్వాత మాట జనం నోట్లో పడింది. ఛ కి ఉన్న ఒత్తు ఊడింది. మధ్యలో సున్న పోయింది. చివరి 'సం' కాస్తా 'స్తం' అయింది. ఛాందసం చాదస్తం అయి వంటింట్లోకి వచ్చి కూర్చుంది. కాబట్టి నా ఓటు ఒత్తు లేని చాదస్తానికే. ఒత్తు పెట్టాలనిపిస్తే హాయిగా ఛాందసం అనే రాసుకోవచ్చు.

ఇంకో విశేషం. ఇద్దరు అన్నదమ్ములు వేరుపడ్డట్టు ఈ రెండు రూపాలూ ఇప్పుడు వేరువేరు ఇళ్ళలో ఉంటున్నాయి. 'ఛాందసం' పేపర్లలోకీ, ఉపన్యాసాల్లోకీ వెళ్ళింది. 'మత ఛాందసవాదం' అంటే నవ్వే విషయం కాదు. 'చాదస్తం' ఇంట్లోనే ఉండిపోయింది. అందులో కొంచెం విసుగు, కొంచెం నవ్వు, కొంచెం ముద్దు కూడా కలిసి ఉంటాయి. "మా బామ్మ ఛాందసవాది" అని ఎవరైనా అంటే ఇంట్లో గొడవ అవుతుంది. "మా బామ్మకి చాదస్తం" అంటే బామ్మ కూడా నవ్వుతుంది.

మూడు మాటలకి పదమూడు మాటల కాపలా

అసలు వేదం చదువుకున్నవాళ్ళకే ఈ పేరు ఎందుకు అంటుకుంది? వాళ్ళు చదివే పద్ధతి చూస్తే కొంత అర్థమవుతుంది. మన బ్రాంచి వాళ్ళకి ఇది బాగా నచ్చే భాగం.

పుస్తకం లేకుండా, నోటినుంచి చెవికి వెళ్ళే పాఠం అది. అక్షరం మారకూడదు, స్వరం మారకూడదు. దానికోసం ఒకే పాఠాన్ని రకరకాల వరుసల్లో చెప్పించేవారు. మన 'రేపు మాకు పరీక్ష' అనే వాక్యంతో చూద్దాం.

క్రమపాఠంలో రెండేసి మాటలు జత కడతారు. రేపు మాకు, మాకు పరీక్ష.

జటలో ముందుకీ వెనక్కీ వెళతారు. రేపు మాకు, మాకు రేపు, రేపు మాకు. మాకు పరీక్ష, పరీక్ష మాకు, మాకు పరీక్ష.

ఘనలో ఇంకా ముందుకి వెళతారు. రేపు మాకు, మాకు రేపు, రేపు మాకు పరీక్ష, పరీక్ష మాకు రేపు, రేపు మాకు పరీక్ష.

లెక్క పెట్టండి. మూడు మాటలు కాపాడటానికి పదమూడు మాటలు చెప్పాలి. ఇది ఒక్క మెట్టు మాత్రమే. తర్వాత రెండో మాటనుంచి మళ్ళీ ఇదే మొదలు. బయటినుంచి వినేవాడికి ఎలా ఉంటుంది? "చెప్పిందే చెబుతాడేంట్రా బాబూ" అనిపించదా?

కానీ లోపల జరుగుతున్నది వేరు. ఎవడైనా ఒక మాట మింగేస్తే జత తెగుతుంది. ఎవడైనా రెండు మాటలు తారుమారు చేస్తే తర్వాతి వరుసతో కుదరదు. తప్పు దొరికిపోతుంది. 1950లో రిచర్డ్ హామింగ్ బెల్ ల్యాబ్స్‌లో ఉండగా ప్రచురించిన ఎర్రర్ కరెక్టింగ్ కోడ్ మనం డిజిటల్ కమ్యూనికేషన్‌లో చదువుకుంటున్నాం కదా. నాలుగు బిట్లు పంపడానికి ఏడు బిట్లు పంపిస్తాం. ఆ మూడు బిట్లూ కొత్త సంగతి ఏమీ చెప్పవు. ఉన్నదానికే కాపలా కాస్తాయి. తప్పు పట్టాలంటే ఎక్కువ చెప్పాల్సిందే, ఇంకో దారి లేదు. వేదంలోనే కోడింగ్ థియరీ ఉంది అని నేను అనడం లేదు. అలా అంటే అది ఇంకో రకం అతి అవుతుంది. కాపాడాల్సినది పెద్దదైనప్పుడు మనిషి ఎక్కడున్నా, ఏ కాలంలో ఉన్నా, చెప్పిందే చెప్పడం, చూసిందే చూడటం చేస్తాడు అంటున్నానంతే. ఈ వేద పఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవాళి వారసత్వ సంపదల్లో ఒకటిగా ప్రకటించింది.

తమాషా ఏంటంటే, ఈ బడినుంచే తెలుగులోకి రెండో మాట కూడా వచ్చింది. ఘన చదివినవాడు ఘనాపాఠి. "వాడు మామూలోడు కాదు, పెద్ద ఘనాపాటి" అంటాం కదా, అది ఇదే. ఒకే బడిలో చదువుకున్న ఇద్దరిలో ఒకడి పేరు మెప్పు అయింది, ఇంకొకడి పేరు వెక్కిరింపు అయింది. అదృష్టం మాటలకి కూడా ఉండాలేమో.

పై మెట్టు దిగిన తోటి మాటలు

ఛాందసం ఒక్కటే ఇలా కిందికి దిగలేదు. భాగవతం వీధి నాటకమై, నోళ్ళలో నాని 'భాగోతం' అయింది. ఇప్పుడు "వాడి భాగోతం అంతా బయటపడింది" అంటే అందులో భక్తి ఎక్కడా లేదు. అన్నీ వదులుకున్న సన్న్యాసి 'సన్నాసి' అయ్యాడు, సప్లీలు మిగిలిన ప్రతివాడినీ ఇంట్లో అదే పేరుతో పిలుస్తారు. "శాస్త్రానికి రెండు మెతుకులు తిన్నాడు" అన్నప్పుడు శాస్త్రం అంటే పేరుకి, నామమాత్రానికి అని అర్థం. గౌరవంగా ఉన్న మాట రోజువారీ వాడుకలోకి వచ్చేసరికి కాస్త అరుగుతుంది, కాస్త వెటకారం అంటుకుంటుంది. రోజూ చేతులు మారే నాణెం లాగా.

ఎవరు ఎవరితో అంటారు?

వాడుక దగ్గరికి వద్దాం. మొదట వ్యాకరణం ఒక్క ముక్క. చాదస్తం నామవాచకం. విశేషణంగా కావాలంటే 'చాదస్తపు' అవుతుంది. చాదస్తపు మనిషి, చాదస్తపు మాటలు. మనిషినే చెప్పాలంటే చాదస్తుడు, చాదస్తురాలు అనేవాళ్ళు ఉన్నారు. కానీ దీనికి సొంతంగా క్రియ లేదు. చాదస్తించాడు అనం. అది ఒక పూట చేసి మానేసే పని కాదు, మనిషికి ఉండే గుణం. అందుకే "చాదస్తం ఉంది", "చాదస్తం ఎక్కువ", "చాదస్తం ముదిరింది" అంటాం. జ్వరానికీ, జలుబుకీ వాడే క్రియలే దీనికీ వాడతాం, చూడండి.

ఇక దిక్కు. ఈ మాట ఎక్కువగా కిందినుంచి పైకి వెళుతుంది. మనవడు తాతని అంటాడు, కోడలు అత్తగారి గురించి చాటుగా అంటుంది, మనం సార్ల గురించి క్యాంటీన్లో అంటాం. ఐదేళ్ళ పిల్లాడు బొమ్మలన్నీ ఒకే వరుసలో పెట్టాలని మారాం చేస్తే దాన్ని 'పేచీ' అంటాం గానీ చాదస్తం అనం. చాదస్తం రావాలంటే కాస్త వయసో, హోదావో ఉండాలి.

"నీ చాదస్తం గానీ" అనే వాక్యం సగంలో ఆగుతుంది. ఆ 'గానీ' తర్వాత ఏముందో చెప్పరు. "నీ చాదస్తం గానీ, ఎవరొస్తారు ఈ రాత్రి పూట?" ఎదుటివాళ్ళ భయాన్ని నొప్పించకుండా పక్కకి నెట్టడం అది. "చాదస్తం కాకపోతే" అంటే మాత్రం కొంచెం కరుకు.

అన్నింటికంటే అందమైన వాడుక ఇంకొకటి ఉంది. పెద్దవాళ్ళు తమ గురించి తామే అనుకునేది. "ఏదో నా చాదస్తం, ఈ స్వెట్టర్ కూడా పెట్టుకెళ్ళు." ఇక్కడ ఆ మాటకి ప్రేమ అని అర్థం. 'నువ్వంటే నాకు బెంగ' అని సూటిగా చెప్పడం మన ఇళ్ళలో అలవాటు లేదు. అందుకని చాదస్తం అని పేరు పెట్టి చెబుతారు.

సామెత కూడా ఒకటుంది. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు. చెప్పి మార్చలేం, గట్టిగా అంటే బాధపడతాడు, భరించాల్సిందే అని. ఆ సామెత చెప్పిన ఇల్లాలెవరో గానీ, మన అందరి ఇళ్ళూ చూసినట్టే చెప్పింది.

పక్కింటి మాటలు

చాదస్తానికి దగ్గర బంధువులు చాలామంది ఉన్నారు. కలిపేస్తే రుచి పోతుంది.

అతి: ఇది పదిమంది చూడటానికి చేసేది. చాదస్తుడికి చూసేవాళ్ళు అక్కర్లేదు, ఒంటరిగా ఉన్నా రెండోసారి గడియ చూస్తాడు. తెలిసి చేస్తే దాని పేరు వేరే అని మొదట్లో అన్నాను కదా, అది ఇదే.

నస: మాటలతో మాత్రమే చేసేది. చాదస్తం చేతల్లోనూ ఉంటుంది.

పట్టింపు: ఎదుటివాళ్ళు ఇలా చేయాలి, మాకు ఇంత మర్యాద జరగాలి అనేది. పెళ్ళివారికి పట్టింపులుంటాయి. చాదస్తుడు ముందు తన నెత్తినే భారం వేసుకుంటాడు.

నకరాలు: తెలంగాణ స్నేహితుల నోట బాగా వినిపించే మాట. కావాలనే బెట్టు చేయడం, ఇది వద్దు అది వద్దు అనడం. హాస్టల్ మెస్సులో రోజూ చూస్తున్నాం.

కోడిగుడ్డుకి ఈకలు పీకడం: లేని తప్పు వెతకడం. చాదస్తం ఉన్న తప్పుకే భయపడుతుంది, ఇది లేనిదాన్ని పుట్టిస్తుంది. వైవాలో ఈ రెండింటికీ తేడా బాగా తెలుస్తుంది.

ఐదు ఏమిటి, మామిడికాయలా?

ఇప్పుడు మా ల్యాబ్ సార్ సంగతి. రికార్డులో ఎక్కడైనా యూనిట్ రాయకపోతే ఆ పేజీ మొత్తం కొట్టేసి వెనక్కి ఇస్తారు. నాది మూడుసార్లు వచ్చింది. మూడోసారి "ఐదు అని రాశావు. ఐదు ఏమిటి? మామిడికాయలా?" అన్నారు. బల్ల దగ్గరికి వస్తూ "ఈయన చాదస్తం తగలెయ్య" అని పక్కవాడితో అన్నాను. నా గొంతు నేననుకున్నంత చిన్నది కాదని అప్పుడు తెలిసింది. ఆయన నవ్వి, "అవునయ్యా, నా చాదస్తమే. యూనిట్ వేసుకుని రా" అన్నారు. తర్వాత ఆ పూటే ఒక కథ చెప్పారు.

1998 డిసెంబరులో అమెరికా అంగారకుడి మీదికి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకని పంపింది. 1999 సెప్టెంబరు 23న అది అంగారకుడి దగ్గరికి చేరుతూనే మాయమైపోయింది. కారణం యూనిట్లు. థ్రస్టర్లు ఇచ్చే తోపుని ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ ఫోర్స్ సెకన్లలో లెక్కగట్టి ఇచ్చింది. దాన్ని తీసుకున్న రెండో సాఫ్ట్‌వేర్ న్యూటన్ సెకన్లు అనుకుంది. రెండింటికీ దాదాపు 4.45 రెట్లు తేడా. నౌక ఉండాల్సిన ఎత్తుకంటే చాలా కిందికి దిగిపోయింది. దారి తేడాగా ఉందని నావిగేషన్ చూసేవాళ్ళలో కొందరికి ముందే అనుమానం వచ్చినా, అది గట్టిగా పైదాకా వెళ్ళలేదు. "ఐదు ఏమిటి?" అని అడిగి పేజీ కొట్టేసే మనిషి ఒక్కడు మధ్యలో ఉంటే ఏమయ్యేదో.

విమానాల్లో పైలట్లు చదివే చెక్‌లిస్టు కూడా ఇలాంటి దెబ్బ తిన్నాకే వచ్చింది. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ మోడల్ 299 అనే కొత్త విమానం పరీక్ష కోసం ఎగిరి కూలిపోయింది. నేల మీద ఉన్నప్పుడు గాలికి కదలకుండా వేసిన లాకు తీయడం మర్చిపోయారు. నడిపినవాళ్ళు అనుభవం లేనివాళ్ళు కాదు. అందుకే, ఎంత వచ్చినవాడైనా సరే, ప్రతిసారీ కాగితం చూసి ఒక్కొక్కటీ చదువుకుంటూ చేయాలనే పద్ధతి పెట్టారు. ఇంట్లో చేస్తే చాదస్తం. కాక్‌పిట్‌లో చేస్తే ప్రొసీజర్. తేడా అంతా కాపాడాల్సినది ఎంత పెద్దది, తప్పితే ఎవరికి దెబ్బ అనే దగ్గర ఉంది.

ఈ మాట సరిపోని చోట్లు

ఇక రెండోది. మా రూమ్మేట్.

వాడు గదికి తాళం వేసి మూడంతస్తులు దిగేవాడు. మళ్ళీ పైకి వెళ్ళి లాగి చూసేవాడు. మళ్ళీ దిగేవాడు. చేతులు కడుక్కోవడానికి వెళితే చర్మం పగిలేదాకా కడిగేవాడు. వాడికి 'చాదస్తం' అని పేరు పెట్టింది నేనే. ఫ్లోర్ అంతా అలాగే పిలిచేవాళ్ళు. ఎవడో వాడి ముందే తాళాన్ని పదిసార్లు లాగి చూపించి నవ్వేవాడు. నేనూ నవ్వేవాడిని.

రెండో మిడ్ పరీక్షకి వాడు అరగంట ఆలస్యంగా వచ్చాడు. ఆ రాత్రి లైటు తీసేశాక అడిగాను, ఏమైందిరా అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "తాళం పడిందని నాకు తెలుసురా. తెలుసు. అయినా కాళ్ళు కదలవు."

అప్పుడు తాతయ్య గుర్తొచ్చారు. ఆయన చుట్టూ తిరిగి అన్నీ చూసుకుంటారు, మంచం ఎక్కిన ఐదు నిమిషాల్లో గురక పెడతారు. వీడు పదిసార్లు చూసినా నిద్రపోలేడు. చూసుకున్నాక మనసు కుదుటపడితే అది చాదస్తం. చూసినా కుదుటపడకపోతే, చేయకూడదనుకున్నా ఆగలేకపోతే, అది వేరు. దానికి వైద్యంలో అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అని పేరుంది. ఆలోచన వద్దన్నా వస్తుంది, దాన్ని ఆపడానికి చేసే పని మళ్ళీ మళ్ళీ చేయిస్తుంది. రోజులో గంటకి మించి సమయం తినేస్తున్నా, చదువుకీ పనికీ అడ్డం పడుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. భయపెట్టే పరిస్థితిని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం నేర్పే థెరపీ ఉంది, మందులున్నాయి, తగ్గుతుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో దీనికోసం ప్రత్యేకంగా క్లినిక్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కి 14416 నంబరు మీద ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.

పెన్నులు వరుసగా పెట్టుకుని "నాకు కొంచెం ఓసీడీ ఉందిరా" అని గొప్పగా చెప్పుకునేవాళ్ళం కూడా ఒకసారి ఆలోచించుకోవాలి. మనం చాదస్తాన్ని జబ్బు అంటున్నాం, జబ్బుని చాదస్తం అంటున్నాం. రెండూ తప్పే.

ఈ మాట సరిపోని చోటు ఇంకొకటి కూడా ఉంది. మడి కట్టుకుని వంట చేసుకోవడం, తడిబట్ట ఎవరూ తాకకూడదు అనుకోవడం ఒకరి ఇంట్లో వాళ్ళ పద్ధతి అయితే సరే, చాదస్తం అని నవ్వుకోవచ్చు. కానీ పనికి వచ్చిన మనిషికి వేరే గ్లాసులో టీ పోసి, "మా పెద్దవాళ్ళ చాదస్తం, ఏమీ అనుకోకు" అంటే? అది చాదస్తం కాదు. అది ఎదుటి మనిషిని తక్కువ చేయడం. రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనం రద్దయిందని రాసి ఉంది. చాదస్తం అనే మెత్తటి మాట కప్పి దాన్ని ఇంట్లో దాచుకోకూడదు. మాట ముద్దుగా ఉంది కదా అని ప్రతిదానికీ తొడిగితే, నవ్వాల్సిన చోట, వైద్యం చేయించాల్సిన చోట, సిగ్గుపడాల్సిన చోట అన్నింటా నవ్వేసి ఊరుకుంటాం.

మా రూమ్మేట్ ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళుతున్నాడు. ఇది రాసే ముందు వాడిని అడిగాను. పేరు వేయకపోతే రాసుకోమన్నాడు. ఆ పేరుతో పిలవడం మాత్రం మేమందరం మానేశాం.

చివరిగా తాతయ్య. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. సంక్రాంతికి కొవ్వూరు వెళ్ళినప్పుడు మొదటిసారి అడిగాను, రోజూ ఎందుకు ఆ చుట్టు తిరుగుతావని. "బండి ఎక్కేముందు ఒక చుట్టు తిరిగి, రాడ్డుతో టైర్లు కొట్టి చూసేవాడిని. ఒక్కరోజు కూడా మానలేదు. వెనకాల యాభై మంది ఉంటారు, వాళ్ళు చూసుకోరు కదరా. ఇప్పుడు బండి లేదు, మీరున్నారు" అన్నారు.

ఆ రాత్రి ఆయనకి జ్వరం. మంచం మీంచే "గ్యాస్ చూశావా?" అన్నారు. చూశాను. "పెరటి గడియ?" వేసే ఉంది తాతయ్యా అన్నాను. అని, లేచి వెళ్ళి ఒకసారి లాగి చూశాను. వేసే ఉంది. వచ్చి పడుకోబోతూ కుళాయి గుర్తొచ్చి మళ్ళీ లేచాను.

"నీకూ అంటుకుందేంట్రా నా చాదస్తం" అన్నారు తాతయ్య దుప్పట్లోంచి.